ఆస్పత్రి రోజుల్లో మిస్సింగ్

రాధాకృష్ణన్ కొన్న పాత వ్యాను వారంలో అయిదు రోజులు పలకరిస్తే పలికేది. మంగళవారం, శుక్రవారం పొద్దున మాత్రం, పాపమ్మాళ్‌ను ఎక్కించుకుని వాడిపట్టి దాటీ దాటకముందే, గుక్క తిరగని ముసలి ఎద్దులా దగ్గడం మొదలుపెట్టేది. ఆ రెండు రోజులే ఆమెకు మదురైలో డయాలిసిస్.

పాపమ్మాళ్ అతనికి అక్క. అత్త కూడా. వాళ్ళ కుటుంబాల్లో అక్క కూతుర్ని తమ్ముడికి ఇవ్వడం మామూలే. వల్లియమ్మను చేసుకున్నాక ఆమెను అత్తా అని పిలవాలని అతను కొన్నాళ్ళు ప్రయత్నం చేశాడు గానీ నోరు తిరగలేదు. అక్కా అనే పిలుస్తూ వచ్చాడు. వల్లియమ్మ పోయాక, కోయంబత్తూరులో మిల్లు ఉద్యోగం కూడా ముగిశాక, పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వచ్చేశాడు. ఇద్దరికీ పోయింది ఒక్క మనిషే కనక ఆ ఇంట్లో ఓదార్పు మాటల అవసరం పడేది కాదు. ఒకరు ఊరికే గోడ చూస్తూ కూర్చుంటే ఎందుకో రెండోవారికి తెలిసేది.

తర్వాత అక్క మూత్రపిండాలు చెడ్డాయి. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. అద్దె కారులో పోతే తిరుగుదారిలో వాంతి వచ్చినప్పుడల్లా డ్రైవరు అద్దంలో చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు, చూసేవాడంతే. ఆ చూపు ఆమెకు పడేది కాదు. అందుకని కంబంలో ఒక ద్రాక్ష వ్యాపారి దగ్గర ఈ వ్యాను కొన్నాడు. ముందు సీట్ల కిందే ఇంజను ఉండే రకం. అన్నాళ్ళూ మాట్టుతావణి మార్కెట్టుకు ద్రాక్ష పెట్టెలు మోసిన బండి. ఎండ ముదిరితే ఇప్పటికీ లోపల పులిసిన ద్రాక్ష వాసన వచ్చేది. ఆ వాసన బాగుందని అక్క అన్నప్పుడు, కొన్నందుకు ఆ ఒక్క మాట చాలనుకున్నాడు.

ఆ మంగళవారం వ్యాను దగ్గడంతో ఆగలేదు. సమయనల్లూరు దగ్గర వంతెన ఎక్కుతుండగా నాలుగైదుసార్లు ఎగిరిపడింది.

"మళ్ళీ దగ్గుతా ఉండాది," అంది పాపమ్మాళ్.

"వేడెక్కితే సర్దుకుంటుందక్కా. పరవై దాటితే నీకే తెలుస్తుంది."

"పోయిన తూరి గూడా అదే చెప్పినావు."

అతను గేరు తగ్గించాడు. వ్యాను ఒకసారి ఒళ్ళంతా వణికి ఆగిపోయింది. వెనక లారీ హారను మీద చెయ్యి వేసి తీయలేదు. రాధాకృష్ణన్ దిగి ఒక భుజం ఆనించి తొయ్యబోయాడు. అరవై దాటిన భుజం. వ్యాను కదల్లేదు. వంతెన మొదట్లో టీ కొట్టు ముందు నిలబడ్డ ఇద్దరు గ్లాసులు కింద పెట్టి, పిలవకుండానే వచ్చి వ్యానును పక్కకు నెట్టారు. అందులో ఒకాయన తన తువ్వాలు తీసి, పాపమ్మాళ్ వైపు కిటికీకి ఎండ తగలకుండా అడ్డం కట్టి వెళ్ళిపోయాడు. లోకంలో ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని రాధాకృష్ణన్ అనుకున్నాడు గానీ, ఆ పూట ఆ సంతోషాన్ని పట్టి ఉంచుకునే ఓపిక లేకపోయింది.

"రాదా, ఇట్ల రా," అని పిలిచింది పాపమ్మాళ్ లోపలి నుంచి.

అతను కిటికీ దగ్గరకు వచ్చాడు.

"ఇది వండి రోగం కాదురా." బండిని ఆమె తమిళంలోలా వండి అనేది. "పెరుమాళ్ళు చెప్తా ఉండాడు."

"ఏమని?"

"సాలు అని. నువ్వే సూడు. అంగడికి పోతే నిల్చిందా? వినోత్ షెడ్డుకు పోతే నిల్చిందా? నేను ఆస్పత్రికి పొయ్యే దినమే నిల్చేది యాల?"

"పాత బండి. ఏదో ఉంటుంది."

"నువ్వు సదివినోడివి, నీకు ఏదో ఉంటాది. నాకు ఇది ఉంటాది." ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఎడమ చేతి మీద సూదులు గుచ్చీ గుచ్చీ నరం తాడులా లేచి ఉంది. "ఇంకొక తూరి దోవలో నిల్చిందంటే నేను ఇంక రాను. నువ్వు బలవంతం సెయ్యకూడదు. సరే అని చెప్పు."

మానేస్తే వారం, మహా అయితే రెండు వారాలని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. అది ఆమె ముందరే చెప్పాడు. రాధాకృష్ణన్ సరేనన్నాడు. అనకపోతే ఆమె అక్కడే దిగి ఎదురుగా వచ్చే బస్సుకు చెయ్యెత్తేట్టు ఉంది.

కొంతసేపటికి వ్యాను ఏమీ ఎరగనట్టు అంటుకుంది. పరవై దాటాక చక్కగా పరిగెత్తింది కూడా. అది ఇంకా చిరాకు.

ఆస్పత్రిలో డయాలిసిస్ గది చూసుకునే కృత్తిక వాళ్ళను చూసి గడియారం వైపు చూసింది. చిన్న పిల్ల, పాపమ్మాళ్‌ను తమిళంలో పాట్టీ, అంటే అవ్వా, అని పిలుస్తూ ఎప్పుడూ నవ్వుతూ కసిరేది. "ఏమి పాట్టీ, కల్యాణ మండపానికి వచ్చినట్టు వస్తావు?" అంది. పాపమ్మాళ్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తిరిగి అనేది. ఆ రోజు చెయ్యి చాచి పడుకుంది, అంతే. సూది గుచ్చాక కృత్తిక బయటికి వచ్చి, "పాట్టి ఎందుకో మాట్లాడలేదు. ఇంట్లో ఏమైనా గొడవా, సార్?" అని అడిగింది.

"వ్యానుతో గొడవ," అన్నాడు రాధాకృష్ణన్.

తర్వాత వరండా కుర్చీలో కూర్చుని, శుక్రవారం లోపల ఆ వ్యాను ఎందుకు దగ్గుతోందో తేలకపోతే ఏమవుతుందో ఆలోచించకుండా ఉండటానికి, గోడ మీది బోర్డులన్నీ చదివాడు. తమిళంలో ఉన్నవి చదివి, ఇంగ్లీషులో ఉన్నవీ చదివాడు. రెండింట్లోనూ చేతులు కడుక్కోమనే ఉంది.

మర్నాడు వ్యానును వినోత్ షెడ్డుకు తోలుకుపోయాడు. దారిలో ఒక్కసారి కూడా దగ్గలేదు.

వినోత్‌కు ముప్పయి దాటాయి. వాళ్ళదీ తెలుగు ఇల్లే. వేలువిడిచిన చుట్టరికం ఏదో ఉంది కనక మామా అంటాడు. పని తెలిసినవాడే గానీ, తెలియని చోట కూడా చేతులు ఊరికే ఉంచలేడు. ఈ వ్యానుకు ఇప్పటికే ప్లగ్గులు మార్చాడు, కార్బొరేటరు విప్పి కడిగాడు, పెట్రోలు ట్యాంకు అడుగున మడ్డి ఉందని ఒక పూట దాన్ని దించి ఆరబెట్టాడు. ప్రతిసారీ "ఇంక చూడండి మామా" అన్నాడు. ప్రతిసారీ మంగళవారం వచ్చింది.

"నిల్చిపోయిందా?" అన్నాడు వినోత్, నమ్మలేనట్టు. "మీ వండికి సూది అంటే భయం మామా. ఆస్పత్రి వాసన పట్టి ముందే ఏడుస్తా ఉంది."

"నవ్వులాట కాదు, వినోత్. ఇంకోసారి ఆగితే అక్క మానేస్తానంటోంది."

"వండి మానేస్తాదా?"

"వైద్యం."

వినోత్ నవ్వు ఆపాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని ఎడమ సీటు ఎత్తాడు. ఇంజను నడుస్తుండగానే పట్టుకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కోటీ పీకి, మళ్ళీ తొడిగాడు. వైరు ఊడినప్పుడల్లా ఇంజను కుంటింది, తొడగ్గానే నిలదొక్కుకుంది. మూడింటికీ అంతే.

"సూడండి. పని చెయ్యని సిలిండరైతే పీకినా తేడా తెలీదు. ఇది మూడింటితోనూ పలుకుతా ఉంది. నా ముందర ఒక్క తూరి అన్నా దగ్గిందా? లేని రోగానికి ఏం మందు వేసేది?"

"లేని రోగం కాదు. మన ముందు రాని రోగం." రాధాకృష్ణన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోయంబత్తూరు మిల్లులో నూలు పరీక్ష చేసే గదిలోనే అతని ఉద్యోగమంతా గడిచింది. అక్కడ కూడా ఇలాగే జరిగేది. ఒక షిఫ్టులో పోగులు తెగేవి, ఇంకో షిఫ్టులో తెగేవి కావు. మిషను తప్పని ఒకరు, దూది తప్పని ఒకరు, పనివాళ్ళ తప్పని మేనేజరు. "ఆ రెండు పొద్దుల్లో ఏం వేరుగా ఉంటుందో చూడాలి."

"పొద్దున మంచు పడతాది గదా."

"పోయిన ఆదివారం ఇంకా ముందే లేచి తోటకు పోయాను. దగ్గలేదు."

"అయితే వేరేది అవ్వ ఒక్కతే." వినోత్ చెవి వెనక గోక్కున్నాడు. "అవ్వ బరువుకు సీటు కుంగి ఏదన్నా వైరు నొక్కుకుంటా ఉందేమో."

"ఆమె బరువెంత. రెండు తమాటా గంపలుండదు."

"చూస్తే పోయేదేముంది. మీరు తోలండి." వినోత్ ఎడమ సీట్లో కూర్చుని, భుజం మీది గుడ్డ తల మీదుగా కొంగులా వేసుకున్నాడు. వాడు మూడు తమాటా గంపలపైనే ఉంటాడు. బజారు మధ్యలో పోతుంటే గొంతు సన్నం చేసి, "రాదా, గుంత ఉండాది, మెల్లగా పోరా. ఆ లారీవోడికి దోవ ఇయ్యి, వాడు తాగి ఉండాడు," అన్నాడు. అచ్చం అక్కే. రాధాకృష్ణన్‌కు నవ్వు వచ్చింది. ఎన్ని రోజులకు వచ్చిందో అనుకున్నాడు. వ్యాను బజారంతా తిరిగి, రైలు గేటు దాకా పోయి, ఒక్క దగ్గు కూడా లేకుండా షెడ్డుకు వచ్చింది.

"అవ్వ కాదు," అన్నాడు వినోత్, గుడ్డ తీసేసి.

రాధాకృష్ణన్ తాళం తిప్పి ఇంజను ఆపాడు. అలసట ఎక్కువైనప్పుడు అతనికి మిల్లు గది గోడకు వేలాడే చెమ్మ కొలిచే గాజు గొట్టం గుర్తొచ్చేది. దాన్ని చూసి చెప్పేవాడు, ఈ పూట గాలి పొడిగా ఉంది, నీళ్ళు చల్లండి అని. ఎక్కువ గొడవలకు జవాబు ఆ గొట్టంలోనే ఉండేది.

"ఇది ఆగినప్పుడు బాగా ఆగుతుంది, వేడెక్కితే తనే సర్దుకుంటుంది," అన్నాడు మెల్లగా. "తడిసి ఆరినట్టు. వినోత్, ఈ ఇంజను మీద నీళ్ళు కొట్టి చూద్దామా?"

వినోత్ అతని వైపు చూశాడు. "అది చెయ్యొచ్చు. ముందే తోచి ఉండాల్సింది నాకు."

పక్కన ఇస్త్రీ కొట్టుకు పోయి నీళ్ళు చిమ్మే సీసా అడిగి తెచ్చాడు. షెడ్డు షట్టరు దించి, పొగ పోవడానికి వెనక తలుపు ఓరగా ఉంచాడు. పట్టపగలే లోపల చీకటైంది. ఇంజను అంటించి, సీటు ఎత్తిపెట్టి, మొదటి ప్లగ్గు మీద సన్నగా నీళ్ళు చిమ్మాడు. ఏమీ లేదు. ఇంకొకసారి చిమ్మి, రెండో దాని మీదికి పోయాడు.

అప్పుడు కనిపించింది. ప్లగ్గు మూత మీద నూలు పోగంత సన్నని నీలం గీత ఒకటి మెరిసి, ఇనుము మీదికి దూకింది. తర్వాత ఇంకొకటి. ఇంజను ఒళ్ళు విదిలించింది. మూడో మూత మీద కూడా నీలం పాకింది. షెడ్డంతా ఆ దగ్గు నిండింది, రాధాకృష్ణన్‌కు నిద్రలో కూడా వినిపించే దగ్గు.

"దొరికినావురా నువ్వు," అన్నాడు వినోత్ ఇంజనుతో. "మామా, చూస్తా ఉన్నారా? లోపల రగలాల్సిన నిప్పు బయటే కారిపోతా ఉంది. మేము మిస్సింగ్ అనేది దీన్నే. మూతలు పగిలినట్టుండాయి."

ఇంజను ఆపి టార్చి వేశాడు. మూతలు పగల్లేదు. వాటి మీద పసుపుపచ్చగా, ఎర్రగా పొరలు కట్టి ఉంది. చందనం, కుంకుమ.

"ఇదా? ఇది పూజ బొట్టు," అని వినోత్ తేలిగ్గా తుడవబోయాడు. "బొట్టు లేని ఇంజను ఈ ఊళ్ళో ఏడుంది. నేను రోజూ చూసేదే."

"ఉండు." రాధాకృష్ణన్ వంగాడు. ఆయుధపూజకు పెట్టిన బొట్టు అయితే ఒక పొర ఉంటుంది. ఇది పాత గోడ మీది సున్నంలా పొర మీద పొర. గోటితో గీరితే పసుపు, దాని కింద ఎరుపు, మళ్ళీ పసుపు. మధ్యలో వెంట్రుకలా నల్లటి గీత, నిప్పు నడిచిన దారి. చందనం ఒక్కటే అరగదీస్తే ఈ రంగు రాదు. అందులో పసుపుకొమ్ము కలిపి అరగదీసే ఇల్లు అతనికి తెలిసి ఒక్కటే. అన్నిటికన్నా పైనున్న పొర మీద ఉంగరం వేలి అద్దకం ఇంకా చెదరలేదు.

అతను స్టూలు మీద మళ్ళీ కూర్చున్నాడు.

అక్క పెళ్ళయి వచ్చిన కొత్తలో బావ కుళందైసామి బావి మీద ఆయిల్ ఇంజను పెట్టాడు. సెలవులకు వచ్చినప్పుడు రాధాకృష్ణన్ చూసేవాడు. శుక్రవారం పొద్దున అక్క తలస్నానం చేసి, బావి దగ్గరకు వచ్చి, ఇంజను తల మీద చందనం పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, చెంబులో పసుపు నీళ్ళు వేపమండతో చల్లేది. అప్పుడు బావ హ్యాండిలు తిప్పేవాడు. అది డీజిలు ఇంజను. దానికి ప్లగ్గు లేదు, నిప్పు తీగె లేదు. బిందెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించినా లెక్కచేసేది కాదు. బావ పోయేదాకా అది ఒక్కనాడు మొరాయించలేదు. అక్కకు తెలిసిన ఇంజను అదొక్కటే. అది నడవడానికి తను చేసే పని కూడా ఒక కారణమని ఆమె నమ్మితే, కాదని చెప్పగలిగినవాళ్ళెవరు?

ఆస్పత్రి రోజుల్లో అతను పెరటి తలుపు గడియ వేసి, చొక్కా మార్చుకుని వచ్చేసరికి ఆమె ముందే వచ్చి వ్యాన్లో కూర్చుని ఉండేది. ముందుగా పోయి కూర్చోవడం ఓపిక లేక అనుకున్నాడు. రేడియేటరులో నీళ్ళు పొయ్యడానికి అతను సీటు ఎత్తడం ఆమె చూసిందే.

"ఎవరు మామా?" అన్నాడు వినోత్. అతని మొహం చూసి తనే అర్థం చేసుకున్నాడు. "అవ్వా?" ముందు పెద్దగా నవ్వాడు. "ఇన్నాళ్ళూ అవ్వే దానికి తలకు పోస్తా ఉందా? నేను ట్యాంకు దించి ఎండబెడితే!"

"చిన్నగా."

వినోత్ నవ్వు మింగి, మూతలు పెట్రోలుతో కడిగి, రెండు మూతలు పనికిరావని కొత్తవి తొడిగాడు. తొడుగుతూనే అన్నాడు. "మామా, నేను ఒకటి చెప్తాను వినండి. అవ్వకు చెప్పొద్దు. వీటి మీద రబ్బరు తొడుగు వేసి, పైన ప్లాస్టిక్ మూత బిగించేస్తాను. ఆమె బొట్టు మూతకు పెట్టుకోనీ, నీళ్ళు పోసుకోనీ. వండి ఆగదు. ఆగకపోతే పెరుమాళ్ళు పొమ్మన్నాడని ఆమె అనుకుంటాది. ఎవరికి నష్టం?"

ఎవరికీ నష్టం లేదు. రాధాకృష్ణన్ ఇంటికి వచ్చేదాకా ఆ మాటే ఆలోచించాడు. మంచి ఉపాయం. పైగా ప్రేమతో చెప్పిన ఉపాయం. ఆమె పెట్టిన బొట్టే ఆమె వైద్యానికి అడ్డం పడిందని చెబితే, నేను పట్టుకున్నదల్లా చెడుతుందని ఇంకా కుంగిపోతుందేమో. కానీ చెప్పకుండా మూత బిగిస్తే, ఇక మీదట మంగళవారం, శుక్రవారం పెరుమాళ్ళ గొంతుతో మాట్లాడేది తనే అవుతాడు. ఒక మనిషి బతుకు గురించి ఆ గొంతుతో మాట్లాడేంత ధైర్యం అతనికి లేదు.

పాపమ్మాళ్ వసారాలో గోడకు ఆనుకుని ఉంది. పక్కన చిన్న గ్లాసు. రోజుకు తాగే నీళ్ళు అంతకు మించకూడదు కనక, నాలుక తడుపుకుని కింద పెట్టేది. నీళ్ళు ఇంకా సగానికి పైనే ఉన్నాయి.

"ఏమన్నాడు వినోత్?" అంది.

"దొరికిందక్కా."

"ఏమి?"

అతను మెట్టు మీద కూర్చుని చెప్పాడు. ఏమీ దాచలేదు. బావ ఇంజనులో నిప్పు లేదని, ఇందులో ప్రతి క్షణం నిప్పు రవ్వ పుట్టాలని, తడిసిన చందనం మీదుగా ఆ రవ్వ బయటికి పోతోందని, ఆరితే మళ్ళీ లోపల పుడుతోందని. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"ఇంజనుకు బొట్టు పెడితే చెడేదా?" అంది చివరకు. "ఆ బావి ఇంజను..."

"అది వేరే రకం. దాన్ని నువ్వు బాగానే చూసుకున్నావు."

"స్టీరింగుకు పెట్టొచ్చునా?"

"పెట్టు. స్టీరింగు ఏమీ అనదు."

ఆమె నవ్వలేదు. చేత్తో నేల మీద ఏదో తుడిచింది, అక్కడ ఏమీ లేదు. "అయితే పెరుమాళ్ళు ఏమీ చెప్పలేదా?"

"లేదక్కా. నీ నీళ్ళే."

ఆమె మొహంలో తేలిక కనిపిస్తుందని అతను ఎదురుచూశాడు. కనిపించలేదు. ఎవరో వస్తామని కబురు చేసి, రావడం లేదని మళ్ళీ కబురు చేస్తే ఉండే మొహం అది. అప్పుడు గానీ అతనికి తెలియలేదు. ఆ మాట కోసం ఆమె ఎదురుచూస్తూ ఉంది. భయపడుతూ కాదు.

"నాకు సాలైపోయిందిరా, రాదా," అంది. గొంతులో ఏడుపు లేదు. "ఆ సూది. ఆ మంచం. తిరిగొచ్చేటప్పుడు కడుపులో తిప్పడం. దప్పిక. రాత్రి నిద్రలో బావి కాడ కూర్చుని తాగుతానే ఉంటాను, లేస్తే నాలిక గరుకు. నేనుగా సాలంటే నీకు పాపం చుట్టుకుంటాది. అక్కను సంపుకున్నాడంటారు. పెరుమాళ్ళు సాలంటే ఎవరికీ పాపం లేదు గదా."

వీధిలో ఎవరో గంట కొట్టుకుంటూ సైకిలు మీద పోయారు. ఆ ధ్వని పూర్తిగా పోయేదాకా అతను ఆగాడు.

"అయితే నువ్వే చెప్పు," అన్నాడు. "బండి మీద పెట్టొద్దు. ఇన్నాళ్ళూ నేను నిన్ను అడగలేదు. తెల్లారితే తాళం తీసి తోలుకుపోయాను. ఇంక ప్రతిసారీ అడుగుతాను. వద్దంటే తాళం తియ్యను. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా అననీ."

"నిజంగా తియ్యవా?"

"తియ్యను."

ఆమె అతని వైపు మొదటిసారి తిరిగి చూసింది. అరవై దాటిన తమ్ముడు, చొక్కా మోచేతికి షెడ్డు మసి. "నేను రాకపోతే మంగళవారం పొద్దున నువ్వేం చేస్తావు?"

"తెలీదక్కా."

"అన్నానికి బియ్యం ఎంత పొయ్యాలో కూడా నీకు తెలీదు," అంది. ఆ పూటకు అంతే. గ్లాసు ఎత్తి నాలుక తడుపుకుంది.

శుక్రవారం పొద్దున అతను లేచి, స్నానం చేసి, చొక్కా వేసుకుని వసారాలో కూర్చున్నాడు. తాళంచెవి మేకుకే ఉంది. పాపమ్మాళ్ లోపలి నుంచి రావడానికి చాలాసేపు పట్టింది.

"అక్కా, పోదామా?" అన్నాడు. ఆ రెండు మాటలు అనడానికి ఇంత బలం కావాలని అతను అనుకోలేదు.

"ఈ దినం పోదాం."

వంతెన దగ్గర వ్యాను ఒకే ఊపున పైకి పోయింది. ఇద్దరూ చెవులు ఇంజను మీదే పెట్టి ఉన్నారు. దగ్గలేదు. దిగువకు వచ్చాక ఆమె కళ్ళు మూసుకుంది. నిద్ర పోయిందో లేదో అతనికి తెలియలేదు. గాలి ఆమె మొహం మీద కొడుతుంటే ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో పక్క అద్దం పైకి తిప్పడానికి వంగాడు. అందలేదు. ఆమె కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి తనే తిప్పింది.

తిరుగుదారిలో వాంతి వచ్చింది. రోడ్డు పక్కన ఆపి, నీళ్ళిచ్చి, వీపు రాశాడు. కృత్తిక ఏదో అంటే ఆమె ఏదో అన్నదట, దానికి ఆ పిల్ల పగలబడి నవ్విందట. ఏమన్నావని అడిగితే మగవాళ్ళకు చెప్పేది కాదంది.

శని, ఆది, సోమవారాలు వాళ్ళు ఆ మాట ఎత్తలేదు.

మంగళవారం తెల్లవారాక రాధాకృష్ణన్ మళ్ళీ వసారాలో కూర్చున్నాడు. పోయిన వారం అడగ్గలిగాడు కనక ఈసారి సులువుగా ఉంటుందనుకున్నాడు. ఉండలేదు. ఇంజను రోగం ఒకసారి దొరికితే తీరిపోతుంది. ఇది అలాంటిది కాదని, ప్రతి వారం కొత్తగా అడగాల్సిందేనని, ఏదో ఒక పొద్దున జవాబు వేరుగా ఉంటుందని అతనికి తెలుసు.

పాపమ్మాళ్ గడప లోపల కూర్చుని తల దువ్వుకుంటోంది. జుట్టు పలచబడింది గానీ ఇంకా నడుం దాకా ఉంది.

"అక్కా, పోదామా?"

ఆమె చిక్కు ఒకటి వేళ్ళతో విడదీసింది. చివర దాకా దువ్వి, ముడి చుట్టి, పిన్ను పెట్టుకుంది. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసి ఉండ చుట్టింది. అతను కదలకుండా కూర్చున్నాడు. ఆమె కావాలనే ఆలస్యం చేస్తోందని, ఆ ఆలస్యం ఆమెదని, దాన్ని తను తొందర పెట్టకూడదని అనుకున్నాడు.

"ఏమి అట్లనే కూర్చున్నావు?" అంది పాపమ్మాళ్ చివరకు, గుమ్మం పట్టుకుని లేస్తూ. "పోయి తాళం తియ్యి."